డ్రయింగ్ రూమ్‌కి తాళం, ఓగ్వెన్ లోయలో క్విజ్

నార్త్ వేల్స్‌కి రాక్ క్లైంబింగ్ కోసం వెళ్లేవాళ్లు రూమ్ బుక్ చేసే ముందు ఒక్క విషయం ఫోన్ చేసి అడగండి: తడి బట్టలు, తాళ్లు ఆరబెట్టుకునే డ్రయింగ్ రూమ్ రాత్రంతా తెరిచి ఉంటుందా? లాన్‌బెరిస్‌లో మేం దిగిన గెస్ట్ హౌస్ వెబ్‌సైట్‌లో "క్లైంబర్లకు ప్రత్యేకంగా డ్రయింగ్ రూమ్" అని పెద్దక్షరాలతో ఉంది. అది చూసే మాకు 96 పౌండ్ల డబుల్ రూమ్, మా బావమరిదికి 68 పౌండ్ల సింగిల్ రూమ్ చొప్పున రెండు రాత్రులకి ముందే డబ్బు కట్టేశాం.

మాంచెస్టర్ నుంచి వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా ఎండే. లాన్‌బెరిస్ పాస్ రోడ్డు మీద కారాపి దినాస్ క్రోమ్లెక్ కొండని కళ్లారా చూశాం. తెరిచిన పుస్తకంలా కనిపించే ఆ మూల పేరు సెనోటాఫ్ కార్నర్. 1952లో దాన్ని అందరికంటే ముందు ఎక్కింది జో బ్రౌన్. మాంచెస్టర్‌లో ప్లంబర్ పని చేసిన మనిషి, మరో మూడేళ్లకి కాంచన్‌జంగ తొలి ఆరోహణలో ఉన్నాడు. ఆ మూల గ్రేడ్, అంటే ఎక్కడం ఎంత కష్టమో చెప్పే కొలత, ఈ1. మా స్థాయి కాదు. కింద తేలికైన రాళ్ల మీద ఎక్కుతుంటే వాన పట్టుకుంది. తాడు ముద్దయిపోయింది. తడిసిన నైలాన్ తాడు బరువెక్కడమే కాదు, దాని బలం కూడా తగ్గుతుంది. మర్నాటికి అది ఆరి తీరాలి.

సాయంత్రం ఏడింటికి వెళ్తే డ్రయింగ్ రూమ్‌కి తాళం. "నాలుగు నుంచి ఆరు వరకే" అన్నాడు ఓనర్. వాన కురిసే ఊళ్లో, కొండ మీంచి జనం దిగొచ్చే వేళకి తాళం వేసే డ్రయింగ్ రూమ్ ఎవరి కోసం? తాళం తియ్యమని మా ఆవిడ ఎంతో మర్యాదగా అడిగింది. అతను టీవీ మీంచి చూపు తిప్పలేదు. చేసేది లేక తాడుని బాత్రూమ్‌లో షవర్ రాడ్డు మీద వేలాడదీసి, కింద మా సొంత టవల్ పరిచాం.

పొద్దున చూస్తే కార్డు నుంచి 35 పౌండ్లు కట్. అదేమిటని అడిగితే క్లీనింగ్ చార్జ్ అన్నాడు. ఏం మురికి అయింది చూపించమంటే పైకి వచ్చి టబ్బు అంచు మీద వేలెడు మట్టి మరక చూపించాడు. మా ఆవిడ అతని కళ్ల ముందే ఒక్క టిష్యూతో తుడిచేసింది. మరక పోయింది గానీ చార్జ్ పోలేదు. "బావా, ఇంకో పూట కూడా ఇక్కడ ఉండను" అని మా బావమరిది బ్యాగ్ సర్దేశాడు. వాడికసలు క్లైంబింగ్ మీద ఆసక్తి లేదు, మా కోసం వచ్చాడు. ఆ రోజంతా ముఖం ముడుచుకునే ఉన్నాడు. వాడికి కోపం రావడంలో తప్పేం లేదు. రెండో రాత్రికి కట్టిన 164 పౌండ్లు తిరిగివ్వనన్నారు. అయినా ఖాళీ చేసేశాం.

ఓగ్వెన్ లోయలో ఒక బంక్‌హౌస్ దొరికింది. మనిషికి 24 పౌండ్లు, ముగ్గురికి 72. బంక్ బెడ్లు, ఉమ్మడి వంటిల్లు. డ్రయింగ్ రూమ్‌కి అసలు తలుపే లేదు, రాత్రంతా హీటర్ తిరుగుతూనే ఉంది. వంటింట్లో అన్నం వండుకుని, గోంగూర పచ్చడి, నెయ్యి వేసుకుని తిన్నాక బావమరిది ముఖంలో కళ వచ్చింది.

బయట కుండపోత. హాల్లో లాంకషైర్ నుంచి వచ్చిన పాత క్లైంబర్లు, అందరూ అరవై దాటినవాళ్లే, క్విజ్ మొదలుపెట్టారు. బ్రిటన్‌లోని క్లాసిక్ రూట్లు (రాతి మీద ఎక్కే దారులు), కొండల మీద ప్రశ్నలు. మనిషికి 2 పౌండ్లు, వచ్చిన డబ్బు మౌంటెన్ రెస్క్యూ డబ్బాలోకి. మౌంటెన్ రెస్క్యూ అంటే కొండల్లో జీతం తీసుకోకుండా ప్రాణాలు కాపాడే వాలంటీర్లు. క్విజ్‌కి మమ్మల్నీ పిలిచారు.

మొదటి ప్రశ్నలు నాకు తెలిసినవే. లేక్ డిస్ట్రిక్ట్‌లో నేప్స్ నీడిల్ అనే సూది లాంటి రాతిని మొదట ఒంటరిగా ఎక్కిందెవరు? హాస్కెట్ స్మిత్, 1886. ఇంగ్లండ్‌లో స్టానేజ్ కొండ అంచు మీద రైట్ అన్‌కాంకరబుల్ రూట్ మొదట ఎక్కిందెవరు? మళ్లీ జో బ్రౌనే, 1949. స్కాట్లాండ్ సముద్రంలో స్తంభంలా నిలబడే రాయి ఓల్డ్ మ్యాన్ ఆఫ్ హోయ్‌ని ఎక్కడం బీబీసీ లైవ్‌లో చూపించింది ఏ ఏడాది? 1967. తర్వాత ప్రశ్న: "1915లో ఇడ్వల్ స్లాబ్స్ మీద హోప్ రూట్‌ని మొదట ఎక్కిన బృందంలో ఉన్న సాహిత్య విమర్శకుడెవరు?" ఇడ్వల్ స్లాబ్స్ అంటే ఆ లోయలోనే ఉన్న పెద్ద వాలు బండలు. జవాబు నాకు తట్టలేదు. వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న మా ఆవిడ అక్కణ్నుంచే "ఐ.ఎ. రిచర్డ్స్ కాదు కదా?" అంది.

హాలంతా చప్పట్లు. తను ఉస్మానియాలో ఎం.ఏ. ఇంగ్లీషు చేసింది. క్రిటిసిజం పేపర్‌లో రిచర్డ్స్‌ని బట్టీ పట్టింది, ఆయన కొండలెక్కేవాడని ఎవరూ చెప్పలేదట. క్విజ్ నడిపిన పెద్దావిడ పక్కన కూర్చోబెట్టుకుని మిగతాది చెప్పింది. ఆ బృందంలో ముందు చెప్పే పేరు ఎమిలీ డానియల్ అనే మహిళది. రిచర్డ్స్ భార్య డొరతీ పిల్లీ కూడా పేరున్న క్లైంబరే, ఇద్దరూ కలిసి 1928లో ఆల్ప్స్‌లో డాన్ బ్లాంష్ ఉత్తరపు గట్టు ఎక్కారు.

మర్నాడు వాన వెలిసింది. ముందే మాట్లాడుకున్న ఇన్‌స్ట్రక్టర్‌కి మా ఇద్దరికీ కలిపి రోజుకి 240 పౌండ్లు. మేం హోప్ దగ్గరికే తీసుకెళ్లమన్నాం. గ్రేడ్ "వెరీ డిఫికల్ట్" అని చూసి భయపడకండి, బ్రిటిష్ లెక్కలో అది కొత్తవాళ్ల స్థాయి. సివియర్, వీఎస్ (వెరీ సివియర్), హెచ్‌వీఎస్ (హార్డ్ వెరీ సివియర్), ఈ1 అన్నీ దాని పైనే. కష్టమంతా నునుపుతోనే. వందేళ్లకి పైగా, మొదట్లో మేకుల బూట్లతో, జనం ఎక్కీ ఎక్కీ పట్లన్నీ అరిగిపోయాయి. రెండో పిచ్‌లో (ఒక్క విడతలో తాడుతో ఎక్కే భాగాన్ని పిచ్ అంటారు) పక్కపక్కనే రెండు సన్నని పగుళ్లు ఉంటాయి. అక్కడ బూటు పెట్టే చోటు తడి ఆరాక కూడా తళతళలాడుతోంది. నేను క్లైంబింగ్ నేర్చుకున్నది భువనగిరి ఏకశిల మీద, మాలావత్ పూర్ణ ఎవరెస్టుకి ముందు శిక్షణ పొందింది కూడా అక్కడే. ఆ గరుకు గ్రానైట్ మీద పాదం మోపితే అతుక్కుంటుంది. ఇక్కడ పాదాన్ని పగుల్లో అడ్డంగా దూర్చి తిప్పితేనే నిలిచింది. మా ఆవిడ నాకంటే శుభ్రంగా ఎక్కింది. దిగే దారి జారుడు, ఇన్‌స్ట్రక్టర్ అక్కడ కూడా తాడు విప్పనివ్వలేదు. ఆ 240 పౌండ్లలో ఒక్కటి కూడా వృథా కాలేదు. బావమరిది ఈలోపు ఇడ్వల్ చెరువు చుట్టూ తిరిగి, బోలెడు ఫొటోలతో ఉషారుగా ఎదురొచ్చాడు.

తిరుగు దారిలో స్టానేజ్ ఆగాం. ఎండ, గ్రిట్‌స్టోన్ అనే గరుకు ఇసుకరాయి, ఏ ఇబ్బందీ లేదు. కారు లేనివాళ్లు మాంచెస్టర్ నుంచి రైల్లో హాథర్‌సేజ్ దిగి నడిచి వెళ్లొచ్చు.

ఇక ఆ గెస్ట్ హౌస్ సంగతి. బుకింగ్ సైట్‌కి టబ్బు ఫొటోలు, డ్రయింగ్ రూమ్ ప్రకటన స్క్రీన్‌షాట్ పంపాను. 35 పౌండ్లు వెనక్కొచ్చాయి, 164 రాలేదు. దిగిన చోట ఏం తేడా వచ్చినా అక్కడికక్కడే ఫొటో తీసి పెట్టుకోండి. ఓగ్వెన్ వైపు వెళ్లేట్టయితే బంక్‌హౌస్‌లోనే దిగండి.