సెమీ మెటాలిక్ బ్రేక్ ప్యాడ్లు: దిగుడు దారిలో పట్టు నిలుస్తుందా?

కారుతో వచ్చిన ఆర్గానిక్ ప్యాడ్లు (లోహం దాదాపు లేని రకం) తీసేసి సెమీ మెటాలిక్ (లోహం బాగా కలిసిన రకం) వేయించాలనుకుంటే, ముందు పెడల్ ఏం చెబుతోందో గమనించండి. ఘాట్ రోడ్డు దిగుతుండగా పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా బండి ఆగనంటే పట్టు వదిలింది ప్యాడ్. పెడల్ మెత్తబడి కిందిదాకా పోతోందంటే మరిగింది బ్రేక్ ఆయిల్. ఈ రెండోదానికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా డబ్బు దండగే.

బ్రేకుల మీద పడే భారం ఎంతో లెక్కేస్తే తెలుస్తుంది. 1,400 కిలోల కారును గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి ఆపితే వేడిగా మారే శక్తి సుమారు 540 కిలోజౌళ్లు. అదే కారు 500 మీటర్ల ఎత్తు దిగితే దాదాపు 6,900. అంటే అలాంటి గట్టి బ్రేకులు పన్నెండుకు పైగా వరసగా కొట్టినట్టు! ఇంజిన్, గాలి కొంత మోస్తాయి గానీ, న్యూట్రల్‌లో దిగేవారికి ఇంజిన్ సాయం కూడా ఉండదు. పైగా నెమ్మదిగా దిగేటప్పుడు డిస్కులకు గాలి తగిలేదే తక్కువ.

ఆర్గానిక్ ప్యాడ్‌లో పదార్థాన్ని పట్టి ఉంచే రెసిన్ ఆ వేడికి విడిపోయి వాయువులు వదులుతుంది. ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తూ గట్టిపడుతుంది. సెమీ మెటాలిక్‌లో ఉక్కు పీచు, ఇనుప పొడి లాంటివి బాగా కలుస్తాయి కాబట్టి ఆ దశ చాలా ఆలస్యంగా వస్తుంది. వేడిలో పట్టు విషయంలో వీటికి నిస్సందేహంగా మంచి మార్కులే. ఇదే దారిలో ఇంకా పైమెట్టు కావాలంటే ఫెరోడో డీఎస్2500 లాంటి ట్రాక్ తరహా ప్యాడ్లున్నాయి. 20 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దాకా సగటు ఘర్షణ గుణకం (పట్టును చెప్పే అంకె, ఎక్కువుంటే పట్టు ఎక్కువ) 0.42 అని కంపెనీ చెబుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారుకు మాత్రం అది అతి.

అసలు చిక్కు వేరే ఉంది. లోహం వేడిని బాగా మోస్తుంది. ప్యాడ్ తట్టుకున్న ఆ వేడి బ్యాకింగ్ ప్లేటు (ప్యాడ్ వెనక ఉండే ఉక్కు రేకు), దాన్ని నొక్కే పిస్టన్ మీదుగా బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. పాత ఆయిల్‌తోనే కొత్త ప్యాడ్లు వేయిస్తే, ఇంతకుముందు ప్యాడ్ దగ్గర వచ్చిన వైఫల్యం ఇప్పుడు ఆయిల్ దగ్గర వస్తుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. డాట్ 4 (డాట్ అంటే బ్రేక్ ఆయిల్ గ్రేడు) ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ కనీస హామీ 155కి పడిపోతుంది. డాట్ 3కి ఇవే 205, 140. కాబట్టి ప్యాడ్లతో పాటు ఆయిల్ కూడా మార్చి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ గొట్టాల్లోని గాలి తీయించాల్సిందే. సిలికాన్ రకమైన డాట్ 5ను మాత్రం వీటితో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 కుటుంబమే.

కొనేటప్పుడు డబ్బా మీది బొమ్మ కన్నా ప్యాడ్ అంచున రెండక్షరాల కోడ్ ఉంటే అది చూడండి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక. ఘర్షణ గుణకం లెక్కన ఈ (E) అంటే 0.25–0.35, ఎఫ్ (F) అంటే 0.35–0.45, జీ (G) అంటే 0.45–0.55. ఎఫ్‌ఈ అని ఉంటే వేడిలో జారుతుందని ప్యాడే ఒప్పుకున్నట్టు. ఎఫ్‌ఎఫ్‌కు తగ్గొద్దు. అయితే ఆ పరీక్ష సుమారు 340 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, ఆపైన సంగతి కోడ్ చెప్పదు. సిరామిక్ అన్న పేరు చూసి రేసు సరుకనుకోవద్దు. రోడ్డు కార్ల సిరామిక్ ప్యాడ్ల గొప్పతనం తక్కువ దుమ్ము, తక్కువ చప్పుడు.

ఆ రెండింటిలోనే సెమీ మెటాలిక్‌కు మార్కులు తగ్గుతాయి. రిమ్ముల మీద నల్లటి దుమ్ము, పొద్దున్నే కీచుమనడం, డిస్క్ కాస్త త్వరగా అరగడం మామూలే. ముందు చక్రాలకే వేసి వెనక పాతవి ఉంచినా ఫర్వాలేదు. వెనక మాత్రమే ఎక్కువ పట్టున్నవి వేస్తే వెనక చక్రాలు ముందుగా లాకై బండి వెనక భాగం గిర్రున తిరిగి పక్కకు కొట్టుకుపోవచ్చు.

బిగించే రోజు మెకానిక్ దగ్గర నిలబడి చూడాల్సినవి కొన్ని. గైడ్ పిన్నులు (ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు) చేత్తో ఆడాలి. బిగుసుకుంటే ప్యాడ్ ఎప్పుడూ రాసుకుంటూ ఉండి ఒక చక్రం కాలిపోతుంది. డిస్క్ మందం దాని మీద చెక్కిన కనిష్ఠానికి పైన ఉండాలి, పలచటి డిస్క్ వేడిని దాచుకోలేదు. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ పొంగి పెయింట్ మీద పడకుండా చూడాలి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి, లేదంటే మొదటి బ్రేకే పడదు.

కొత్త ప్యాడ్లను నేరుగా ఘాట్‌కు తీసుకెళ్లొద్దు. కొత్త రెసిన్ వదిలే వాయువుకు మంచి ప్యాడ్ కూడా జారుతుంది. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10కి, ఓ మోస్తరు ఒత్తిడితో, పూర్తిగా ఆపకుండా పదిసార్లు తగ్గించండి. కంపెనీ వేరే పద్ధతి చెబితే అదే పాటించండి. తర్వాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడపండి. వేడి మీద ఆపి పెడల్ నొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం డిస్క్‌కు ఒకచోట అంటుకుంటుంది. ఆ తర్వాత స్టీరింగ్ వణికితే డిస్క్ వంగిందని కొత్తది అంటగట్టేవాళ్లుంటారు, ముందు ఆ మరక సంగతి అడగండి.