మధురపూడి – శంషాబాద్ విమానం: ఎనిమిదేళ్ల అనుభవం

టికెట్ మీద గంటా పది నిమిషాలని ఉంటుంది. అది చూసి ప్రయాణం పెట్టుకుంటే మా కోనసీమ వాళ్లకు లెక్క తప్పుతుంది. అంబాజీపేట దగ్గర మా ఊరు, కూకట్‌పల్లిలో కాపురం. ఎనిమిదేళ్లుగా ఏడాదికి నాలుగైదుసార్లు ఈ విమానం ఎక్కుతున్నాను.

రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్‌కు గాల్లో దాదాపు 360 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి రోడ్డు మీదైతే 400 పైమాటే. నేను ఎక్కువగా ఎక్కింది ఏటీఆర్, అంటే పంకాల విమానం. గాల్లో ఉండేది 50 నిమిషాలకు అటూఇటూ. మిగతాది రన్‌వే మీదికి వెళ్లడానికి, దిగాక ఆగడానికి పోతుంది.

అసలు లెక్క ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. కొత్తపేట, రావులపాలెం, జొన్నాడ వంతెన, వేమగిరి, రాజమండ్రి, అక్కణ్ణుంచి ఇంకో 18 కిలోమీటర్లు. రావులపాలెంలో అరటిగెలల లారీలు అడ్డం పడకపోతే రెండున్నర గంటలు. గంటన్నర ముందే చేరాలి. శంషాబాద్‌లో సామాను తీసుకుని కూకట్‌పల్లి చేరేసరికి మరో రెండు గంటలు. మొత్తం ఏడు గంటలు దాటుతుంది. రాత్రి బస్సుకు తొమ్మిది పది గంటలు పట్టినా నిద్రలో గడిచిపోతుంది. అందుకే మామూలు ప్రయాణాలకు నాకు బస్సే నయం. రాజమండ్రి ఊళ్లో ఉండేవాళ్లకు మాత్రం విమానం నిజంగా కలిసొస్తుంది.

అయినా దీన్ని నేను వదులుకోను. మూడేళ్ల కిందట తెల్లవారుజామున తమ్ముడు ఫోన్ చేశాడు, నాన్నకు ఛాతీలో నొప్పి, రాజమండ్రి తీసుకొచ్చామని. పొద్దున విమానంలో ఒక్క సీటు దొరికింది. దిగిన అరగంటకు ఆస్పత్రిలో ఉన్నాను. స్టెంటు వేయడానికి లోపలికి తీసుకెళుతుంటే నాన్న చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "వచ్చేశావా అమ్మా" అన్నారు. ఆ రోజు బస్సుకో రైలుకో బయల్దేరి ఉంటే ఆ మాట వినేదాన్ని కాదు.

జనవరిలో పొద్దుటి విమానం మాత్రం పెట్టుకోవద్దు. ఒక భోగి ముందురోజు మధురపూడి మీద పొగమంచు పట్టేసి, పైన చాలాసేపు తిరిగి తిరిగి మళ్లీ శంషాబాద్‌లోనే దించారు. తర్వాత ఏం చేయాలో చెప్పే మనిషి కౌంటర్లో లేడు. భోగిమంట అయిపోయాక ఇల్లు చేరాను. సంక్రాంతికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం విమానం చూసుకోండి.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ అడగండి. ఏటీఆర్‌కు రెక్క పైన ఉంటుంది కాబట్టి కింద ఏదీ అడ్డురాదు. మబ్బు లేకపోతే గోదావరి, దాని మీద వంతెనలు, దూరంగా ధవళేశ్వరం ఆనకట్ట కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా మనసు నిండిపోతుంది.

సామాను సంగతి ఒకటి. ఆత్రేయపురం పూతరేకులు చేతిసంచిలోనే పెట్టుకోండి, లోపల వేస్తే పొడైపోతాయి. ఎండుకొబ్బరిని మాత్రం చెక్-ఇన్ సామానులో వెయ్యనివ్వరు, నూనె ఉండి మండే సరుకని. ఒకసారి నా బ్యాగు తెరిపించి, అమ్మ అటక మీద నెలల తరబడి ఎండబెట్టి, పాత చీరముక్కలో చుట్టిచ్చిన ఆరు కురిడీలూ తీయించేశారు. అప్పటినుంచి అమ్మ నేను ఊరికొచ్చినప్పుడల్లా ముందు అడిగేది, వెళ్లేది బస్సుకా విమానానికా అని. బస్సుకంటేనే అటకెక్కుతుంది.