చిట్టా ఫోనులో, ఆవర్జా సర్వరులో: చేపల రేవులో నాలుగేళ్లు వాడిన కౌచ్‌డీబీ, పౌచ్‌డీబీ

విశాఖ చేపల రేవులో వేలం తెల్లవారకముందే మొదలవుతుంది. మరపడవలు ఒకదాని పక్కన ఒకటి ఆనించి ఉంటాయి, గంపలు దిగుతుంటాయి, కాటా చుట్టూ జనం మూగి ఉంటారు. ఆ సందడిలో ఫోను సిగ్నలు వస్తుంది, పోతుంది. సరుకు వెళ్లి చేరే కోల్డ్ స్టోరేజి లోపల, మందపాటి రేకు పలకల గోడల మధ్య, అసలే రాదు. చేపలు, రొయ్యలు కొని ఎగుమతిదారులకు అందించే ఒక చిన్న సంస్థకు నేను తూకాల యాప్ చూసుకుంటున్నాను. కాటా దగ్గర, ఐసు వేసే చోట, కోల్డ్ స్టోరేజి గుమ్మంలో కలిపి పదకొండు ఫోన్లు. సిగ్నలు ఉన్నా లేకపోయినా ప్రతి గంప బరువూ నమోదు కావాలి. సిగ్నలు దొరకగానే అది ఆఫీసుకు చేరాలి. ఇందుకోసం సర్వరులో కౌచ్‌డీబీ, ఫోన్లలో పౌచ్‌డీబీ అనే డేటాబేసులు వాడుతున్నాం. నాలుగు వేట కాలాలు గడిచాక రాస్తున్న సమీక్ష ఇది.

అంతకుముందు సింక్, అంటే ఫోన్లలోని లెక్కనూ సర్వరులోని లెక్కనూ ఒకటి చేసే పని, నేనే సొంతంగా రాశాను. ఫోను తూకాన్ని సర్వరుకు పంపుతుంది, అందిందని జవాబు వస్తే తన వరుసలోంచి తీసేస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది. రేవులో జరిగేది వేరు. తూకం సర్వరుకు చేరేది, జవాబు తిరిగి వచ్చేలోగా సిగ్నలు పోయేది. అందలేదనుకుని ఫోను మళ్లీ పంపేది. సర్వరు దాన్ని కొత్త గంపగా రాసుకునేది. అలా ఒక బోటుకు 32 కిలోల టైగర్ రొయ్యల గంప రెండుసార్లు పడింది. వారం లెక్క చూసుకుంటున్నప్పుడు ఆ బోటు యజమానే, "అమ్మా, ఆ రోజు నాకు ఇన్ని గంపలు రాలేదు" అని చెప్పాడు. ఆయన చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు. మిగిలిన బోట్ల లెక్కలన్నీ చీటీలతో సరిచూడటానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది.

కౌచ్‌డీబీని డేమియన్ కాట్జ్ 2005లో మొదలుపెట్టాడు. 2008లో అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లను నడిపే అపాచీ ఫౌండేషన్‌లో పూర్తిస్థాయి ప్రాజెక్టు అయింది. అదే పద్ధతిలో బ్రౌజర్లలో, ఫోన్లలో పనిచేసేలా జావాస్క్రిప్ట్‌లో రాసినది పౌచ్‌డీబీ. రెండింటి మధ్య మాటలన్నీ వెబ్‌సైట్లు వాడే మామూలు హెచ్‌టీటీపీ మీదే నడుస్తాయి. డేటాబేసులో జరిగే ప్రతి మార్పుకూ ఒక వరుస గుర్తు ఉంటుంది. ఎంతవరకు చేరిందో ఇరువైపులా రాసి పెట్టుకుంటాయి కాబట్టి లైను తెగితే మళ్లీ మొదటికి రావు, ఆగిన చోటి నుంచే అందుకుంటాయి. రికార్డుకు పేరు పెట్టేది ఫోనే. మా పేర్లలో ముందు ఫోను సంఖ్య, వెనుక ఆ ఫోనులో తూకం వరుస సంఖ్య ఉంటాయి. ఆ పేరుతో అదే రికార్డు పదిసార్లు వెళ్లినా సర్వరులో ఒక్కటే ఉంటుంది. గంప రెండుసార్లు పడటం అప్పటితో ఆగిపోయింది.

అయితే ఈ జోడీని పెట్టగానే సింక్ వేగం పెరిగిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటి ఏడాది వేగం తగ్గింది కూడా. కారణం మేము డేటాను అమర్చిన తీరు. ఒక బోటు ఒక వేట నుంచి తెచ్చిన సరుకంతటికీ ఒకే రికార్డు పెట్టాము. కొత్త గంప తూచినప్పుడల్లా ఆ రికార్డులోనే ఇంకో వరుస చేర్చేవాళ్లం. కౌచ్‌డీబీ రికార్డులో మారిన ముక్కను మాత్రమే పంపదు, రికార్డు మొత్తాన్నీ పంపుతుంది. అరవై గంపల బోటుకు తూకం తర్వాత తూకం సింక్ అయితే, మొదటిసారి ఒక వరుస, రెండోసారి రెండు, అరవయ్యోసారి అరవై. అన్నీ కలిపితే 1,830 వరుసలు వెళ్తాయి. నిజంగా కొత్తవి అరవయ్యే.

దానికి తోడు ఘర్షణలు. ఒకే బోటు సరుకును రెండు కాటాల మీద తూస్తే రెండు ఫోన్లు ఒకే రికార్డును దిద్దేవి. అలాంటప్పుడు కౌచ్‌డీబీ రెండు ప్రతులనూ దాచుకుంటుంది, పైకి మాత్రం ఒకటే చూపిస్తుంది. ఎక్కువసార్లు దిద్దిన ప్రతి గెలుస్తుంది. అది సమానమైతే ఆ ప్రతుల గుర్తులను పోల్చి ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఏ ఫోను చూసినా అదే ప్రతి గెలుస్తుంది, అందుకు ఫోన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోనక్కరలేదు. గొప్ప ఏర్పాటే. కానీ ఓడిన ప్రతిని వెతికి చూసే బాధ్యత మనది. మేము చూడలేదు. ఒక ఉదయం రెండు గంపల వంజరం లెక్కలో కనిపించలేదు. సరుకు గిడ్డంగిలో ఉంది, డేటా ఓడిన ప్రతిలో ఉంది.

దారి చూపినది మా సంస్థలో పాత లెక్కలు రాసే గుమాస్తా గారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక నగరంలో కరెంటు, ఫోన్లు పోయిన రోజుల్లో మొత్తం వ్యాపారాన్ని ఏ రోజు పద్దు ఆ రోజు వరుసగా రాసే ఒక చిట్టా పుస్తకంతో నడిపిన మనిషి ఆయన. నేను రికార్డుల బొమ్మ గీసి చూపిస్తే, "చిట్టాలో ఎవరైనా పాత పద్దు చెరిపి దిద్దుతారా అమ్మా? తప్పు పడితే కింద ఇంకో పద్దు రాస్తాం. మొత్తాలు ఆవర్జాలో చూసుకుంటాం" అన్నారు. ఆ వారమే యాప్ మార్చాను. ఒక తూకానికి ఒక రికార్డు. రాశాక దాన్ని ఎవరూ ముట్టుకోరు. బరువు తప్పు పడితే, ఫలానా తూకానికి సవరణ అని కొత్త రికార్డు వస్తుంది. ఇది చిట్టా. బోటువారీ మొత్తాలను సర్వరులో కౌచ్‌డీబీ వ్యూ, అంటే రికార్డుల నుంచి మొత్తాలు తేల్చే ఏర్పాటు, లెక్క కడుతుంది. కొత్తగా వచ్చిన పద్దులను మాత్రమే కలుపుకుంటుంది కాబట్టి అదీ తేలికే. ఇది ఆవర్జా, ఖాతాలవారీ మొత్తాల పుస్తకం. ఒకే రికార్డును ఇద్దరు దిద్దే అవసరం పోయింది, కాబట్టి ఘర్షణా పోయింది. వెళ్లే డేటా ఎంతగా తగ్గిందంటే, జెట్టీ మీద సిగ్నలు ఒక్క నిమిషం నిలిస్తే చాలు, అప్పటిదాకా ఆగిన తూకాలన్నీ చేరిపోతున్నాయి. నాలుగేళ్లలో నేను చేసిన మార్పులన్నిటిలో ఇంత ఫలితం ఇచ్చినది మరొకటి లేదు.

కాటా అంకెల ఫోటోలను కూడా మొదట్లో అదే రికార్డులో పెట్టేవాళ్లం. ఫోటోను అక్షరాలుగా మార్చి పంపితే ప్రతి 3 బైట్లకు 4 అవుతాయి. పైగా పౌచ్‌డీబీ మామూలుగా వంద రికార్డులను ఒక కట్టగా తీసుకుంటుంది. వంద ఫోటోలు ఒకేసారి మోయడం చౌక ఫోన్ల వల్ల కాలేదు. ఇప్పుడు ఫోటోలకు వేరే డేటాబేసు ఉంది, ఆఫీసు వైఫైలో మాత్రమే కదులుతుంది. తూకం ముందు వెళ్తుంది, బొమ్మ తీరికగా వెళ్తుంది.

ఇంకో చిన్న సంగతి కూడా చెప్పాలి. సర్వరు అందకపోతే పౌచ్‌డీబీ కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది, విఫలమైన ప్రతిసారీ ఆ వ్యవధిని రెట్టింపు చేస్తుంది, గరిష్ఠంగా 10 నిమిషాలు. బ్యాటరీకి అది మంచిదే. కానీ కోల్డ్ స్టోరేజిలో రెండు గంటలు గడిపి బయటికి వచ్చిన మనిషి గుమ్మంలో సిగ్నలు ఉన్నా మరో పది నిమిషాలు చూడవలసి రావచ్చు. ఆ వ్యవధిని మనమే నిర్ణయించుకునే వీలు ఉంది. మేము 20 సెకన్లకు మించనివ్వలేదు, పదకొండు ఫోన్లూ ఒకేసారి మీద పడకుండా కొద్దిపాటి హెచ్చుతగ్గు కలిపాము.

ఇక పచ్చ టిక్కు సంగతి. తూకం ఫోనులో నమోదు కాగానే పచ్చ టిక్కు పడేలా పెట్టాను. మా కాటా బాబాయికి అరవై దాటాయి. తడి చేతులు, ప్లాస్టిక్ తొడుగులో ఫోను, తొడుగు మీద చేప పొలుసులు. కానాగంతల గంప దించుతుంటే ఫోను జారి జెట్టీకి, బోటుకు మధ్య నీళ్లలో పడింది. "ఫరవాలేదమ్మా, అన్నిటికీ పచ్చ పడింది, ఎక్కేశాయి" అన్నాడు నమ్మకంగా. ఇరవై మూడు గంపలు ఒక్కటీ ఎక్కలేదు. గంపల మీది చీటీలు ఉండబట్టి లెక్క నిలిచింది. ఆయన ముఖం చూసిన రోజు నాకు బాగా గుర్తు. తప్పు ఆయనది కాదు, నా టిక్కుది. ఇప్పుడు ఫోనులో ఉంటే ఒక టిక్కు, సర్వరుకు చేరితే రెండు, పైన పెద్ద అక్షరాలతో "ఇంకా చేరనివి" అన్న లెక్క. ఆ లెక్క సున్నా అయ్యేదాకా బాబాయి ఫోను జేబులో పెట్టడు.

నచ్చనివీ ఉన్నాయి. రికార్డును తొలగిస్తే అది మాయమైపోదు, తొలగించామన్న గుర్తు మిగిలి అన్ని ఫోన్లకూ ప్రయాణిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే డేటాబేసు వాడితే కొత్త ఫోను మొదటి సింక్‌కు విసుగు పుడుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం మాకు ఇక్కడ అక్కరకు వచ్చింది. ఏటా ఆ విరామంలో పాత డేటాబేసును సర్వరులో భద్రపరచి, కొత్త వేట కాలానికి ఖాళీది తెరుస్తాం. ఆండ్రాయిడ్ 6.0 నుంచి తెర ఆపి కదలకుండా పెట్టిన ఫోనులో నెట్ పనులు వాయిదా పడతాయి. దానికి పౌచ్‌డీబీ చేయగలిగింది లేదు. యాప్ తెరవగానే మిగిలిన పని కన్నా ముందు సింక్ నడిచేలా పెట్టుకున్నాం.

చెల్లింపులను మాత్రం నేను ఆఫ్‌లైన్‌లో ఉంచను. రెండు ఫోన్లు ఒకే బోటుకు డబ్బు చెల్లించినట్టు రాస్తే ఏ డేటాబేసూ తర్వాత ఆ డబ్బును వెనక్కి తేలేదు. తూకాలు, హాజరు, సర్వేలు, తనిఖీల వంటి, ఒకసారి రాశాక మార్చనక్కరలేని పద్దులు మీ పనిలో ఎక్కువగా ఉంటే ఈ జోడీని మనస్ఫూర్తిగా తీసుకోమంటాను. పరిమిత నిల్వను పదిమంది ఒకేసారి అమ్మే పనికి వద్దంటాను.

కౌచ్‌డీబీ ఇంకో కౌచ్‌డీబీతోనూ ఇదే తీరున సింక్ అవుతుంది. వచ్చే వేట కాలానికి కోల్డ్ స్టోరేజిలోనే ఒక చిన్న కంప్యూటరు, దానికి సొంత వైఫై పెట్టబోతున్నాం. లోపలి ఫోన్లు దానితో మాట్లాడతాయి, అది గోడ అవతలికి వేసిన తీగ మీదుగా ఆఫీసు సర్వరుతో మాట్లాడుతుంది. తీగ కోసం రేకు పలకకు రంధ్రం వేయడానికి గిడ్డంగి మేనేజరు గారు నిన్ననే ఒప్పుకున్నారు.