రెండు లక్షల కిలోమీటర్లు దాటిన పెద్ద ఎస్‌యూవీ: గేర్‌బాక్స్ సంగతి

మూడు వరసల సీట్లు, వీ8 పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల ఆటోమేటిక్. ఖాళీ బండే రెండున్నర టన్నులు తూగుతుంది. ఇలాంటి బండి చూడగానే ఎవరైనా ముందు అడిగేది మైలేజీ. బాగుండదు, ఆ మాట అక్కడితో వదిలేద్దాం. రీడింగ్ రెండు లక్షల కిలోమీటర్లు దాటినా ఇంజిన్ గట్టిగానే ఉంది. ఇన్నేళ్లలో నన్ను కంగారు పెట్టింది గేర్‌బాక్స్ ఒక్కటే.

నిజానికి గేర్‌బాక్స్ మొత్తాన్ని తిట్టడం కూడా న్యాయం కాదు. నిండా మనుషులతో, వెనక ట్రైలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు కూడా గేరు జారలేదు. రివర్స్ పడటానికి ఆలస్యం కాలేదు. తంటా అంతా టార్క్ కన్వర్టర్ దగ్గరే వచ్చింది. ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం అది.

లక్ష దాటాక ఎప్పుడో మొదలైంది. అరవై, డెబ్బై స్పీడులో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా పెట్టి పోతుంటే బండి సన్నగా వణికేది, చక్రాలు రంబుల్ స్ట్రిప్స్ ఎక్కినట్టు. గట్టిగా తొక్కితే మాయం. ఒకరు టైర్ల బ్యాలెన్సింగ్ అన్నారు, ఇంకొకరు స్పార్క్ ప్లగ్గులు అన్నారు. తేల్చుకునే చిట్కా ఒకటుంది: వణుకు వస్తున్నప్పుడు యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకాలి. చాలా బళ్లలో దాంతో కన్వర్టర్ లాకప్ క్లచ్, అంటే ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ నేరుగా కలిపి పట్టుకునే క్లచ్, విడిపోతుంది. ఆ క్షణంలోనే వణుకు ఆగితే టైర్లనూ ప్లగ్గులనూ వదిలేయొచ్చు. వెనక కారు లేనప్పుడే చేయండి.

ఈ లాకప్ క్లచ్ చాలా కొత్త బళ్లలో పూర్తిగా బిగుసుకోదు. ఇంజిన్ అదురు క్యాబిన్‌లోకి రాకుండా కావాలనే కాస్త జారేలా కంప్యూటర్ నడుపుతుంది. ఆ జారుడు నున్నగా సాగాలంటే ఆయిల్‌లో కలిపిన రసాయనాలు సరిగా ఉండాలి. అవి అరిగినా, ఆయిల్‌లోకి తేమ చేరినా క్లచ్ పడుతూ వదులుతూ వణికిస్తుంది. జీఎం (జనరల్ మోటార్స్) 8 గేర్ల ఆటోమేటిక్‌లలో ఇదే వణుకు ఫిర్యాదుగా వచ్చినప్పుడు, కంపెనీ పాత ఆయిల్‌ను పూర్తిగా కడిగేసి వేరే రకం ఆయిల్ నింపమని డీలర్లకు చెప్పింది.

సర్వీస్ సెంటర్‌లో మాత్రం "ఈ ఆయిల్ మార్చే పనే లేదండీ, సీల్డ్ బాక్స్" అని పంపించేశారు. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తన వాటికి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు, ఆయిల్ మార్చమంటుంది. తయారుచేసినవాడి మాట వినాలా, కౌంటర్ దగ్గర కూర్చున్నవాడి మాట వినాలా? ఆటోమేటిక్‌లు మాత్రమే చేసే ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అదే పాన్, దించుతుంటే పక్కనే నిలబడ్డాను. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ ముదురు గోధుమ రంగుకి తిరిగింది, మాడు వాసన మాత్రం లేదు. పాన్ అడుగున ఉన్న అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద కాటుకంత మెత్తగా పేరుకుని ఉంది. వేళ్ల మధ్య నలిపి చూపించాడు, గరుకు తగల్లేదు. మామూలు అరుగుదలే. మెరిసే రేకులు, ముక్కలు కనిపించి ఉంటే ఆయిల్ మార్చి ఉపయోగం లేదు, బాక్స్ విప్పాల్సిందే అన్నాడు.

మొత్తం పది లీటర్లకు పైన పట్టే బాక్స్‌లో పాన్ దించితే వచ్చేది సుమారు సగం. మిగతాది కన్వర్టర్‌లో, కూలర్ పైపుల్లో ఉండిపోతుంది. అందుకే ఒకసారి మార్చాక వణుకు తగ్గింది గానీ పోలేదు. కొన్ని వేల కిలోమీటర్లు నడిపి రెండోసారి మార్చాక పోయింది. లెవెల్ చూడటానికి డిప్‌స్టిక్ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన వేడికి వచ్చాక కింద బోల్టు విప్పి చూడాలి. ఆయిల్ వేడి స్కానర్‌లో చూడకుండా నింపేవాడి దగ్గర ఈ పని చేయించకండి. డెక్స్‌రాన్ 6 రకం ఆయిల్ అడిగే బాక్స్‌లో మెర్కాన్ యూఎల్‌వీ రకం పోసి, రెండూ ఒకటే అనేవాళ్ల దగ్గర అసలే వద్దు.

ఇప్పుడు కిలోమీటర్ల కంటే వేడినే ఎక్కువ చూస్తున్నాను. బండి కంప్యూటర్ రీడింగులు చూసే ఓబీడీ పోర్టుకి చిన్న స్కానర్ పెట్టుకుంటే ఆయిల్ టెంపరేచర్ ఫోన్‌లో కనిపిస్తుంది. మామూలు ప్రయాణంలో నా బండిలో 85, 95 డిగ్రీల మధ్య తిరుగుతుంది. ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కితే 110 దాటుతుంది. 120 దగ్గరికొస్తే పక్కకి ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్ కాసేపు నడవనిస్తాను. ట్రైలర్ లాగేటప్పుడు వాడే టో మోడ్ వేస్తే గేర్లు ఊరికే పైకీ కిందకీ మారడం తగ్గి, వేడి తేడా స్క్రీన్ మీదే తెలుస్తుంది. ఆ బటన్ చాలామంది నొక్కనే నొక్కరు.

ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్, ఎడమ, కుడి చక్రాలకు పంచే డిఫరెన్షియల్, వీటి ఆయిళ్లు కూడా మార్చాలి, కష్టమైన పనేం కాదు. అవసరమైనప్పుడు తనంతట తానే నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఆటో ఫోర్‌వీల్ ఉన్న బండికి మాత్రం నాలుగు టైర్లూ ఒకేలా అరిగి ఉండేలా చూసుకోండి. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ లోపలి క్లచ్ ఊరికే పనిచేస్తూ వేడెక్కుతుంది.

కొత్త పెద్ద బళ్లలో 10 గేర్ల ఆటోమేటిక్‌లు వచ్చాయి. ఫోర్డ్, జీఎం 2013లో ఒప్పందం చేసుకుని కలిసి అభివృద్ధి చేసిన డిజైనే ఇప్పుడు ఫోర్డ్ ఎక్స్‌పెడిషన్‌లోనూ జీఎం వాళ్ల టాహోలోనూ ఉంది. నడిపి చూశాను, హైవే మీద హాయిగా ఉంది. రెండు లక్షలు నడిచిన బండి నా చేతికి రాలేదు కాబట్టి మన్నిక మీద తీర్పు చెప్పను.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే బండి చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించి, డి నుంచి ఆర్‌కి, ఆర్ నుంచి డికి మార్చి చూడండి. తర్వాత బాగా వేడెక్కేదాకా నడిపి అదే మళ్లీ చేయండి. వేడెక్కాక దెబ్బ కొట్టినట్టు పడితే వదిలేయడం మేలు. వెనక ట్రైలర్ హుక్ బాగా అరిగి ఉండి, ఆయిల్ మార్చిన బిల్లు ఒక్కటీ చూపించలేకపోతే ఎంత తగ్గించి ఇచ్చినా నేనైతే తీసుకోను.