పానాకు లొంగే పంపు: 1997 డాడ్జ్ రామ్, 12 వాల్వుల కమ్మిన్స్‌తో కొన్నేళ్ల అనుభవం

ఈ పికప్పులో నాకు అన్నిటికంటే నచ్చింది దాని కమ్మిన్స్ డీజిల్ ఇంజన్ పక్కన బిగించి ఉన్న బాష్ పి7100 పంపు, అంటే సిలిండర్లకు డీజిల్ కొలిచి కొట్టే ఇంజెక్షన్ పంపు. సీట్లు, మైలేజీ, 5.9 లీటర్ల కమ్మిన్స్ ఎన్ని లక్షల మైళ్లు తిరుగుతుందన్న సంగతి ఇప్పటికే చాలామంది రాశారు. నేను పంపు గురించే రాస్తాను. తక్కువ డబ్బుతో పాత పికప్పుకు హార్స్‌పవర్ పెంచుకోవాలంటే ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

1994 నుంచి 1998 మధ్య దాకా వచ్చిన 12 వాల్వుల రామ్‌లలో ఈ పంపు ఉంటుంది. ఆ తర్వాత 24 వాల్వుల ఇంజన్, దానితోపాటు ఎలక్ట్రానిక్ వీపీ44 పంపు వచ్చాయి. పి7100లో డీజిల్ లెక్క కంప్యూటర్ చేతిలో ఉండదు. ఇంజన్ వేగాన్ని అదుపులో పెట్టే గవర్నర్ బరువులు, స్ప్రింగులు, జరిగేకొద్దీ డీజిల్ పెంచే ర్యాక్ అనే ఒక కడ్డీ, ఆ ర్యాక్ ఎంతవరకు జరగాలో హద్దు పెట్టే చిన్న ఇనుప ప్లేటు, అంతే. పంపు దగ్గర కరెంటుతో పనిచేసేది ఇంజన్‌ని ఆపే సోలనాయిడ్ ఒక్కటే. మన లారీల మీద మైకో (మన దేశంలో బాష్ పాత పేరు) పంపులు చూసినవాళ్లు దీన్ని చూడగానే గుర్తుపడతారు. జంషెడ్‌పూర్ టాటా కమ్మిన్స్ ఇంజన్లున్న లారీలు నడిపినవాళ్లకైతే ఇంజన్ కూడా కొత్త కాదు.

కంపెనీ ఈ ఇంజన్‌నే 1994లో ఆటోమేటిక్ బండికి 160 హార్స్‌పవర్‌తో అమ్మింది. 1996 నుంచి ఆటోమేటిక్‌కి 180, మాన్యువల్‌కి 215 ఇచ్చింది. తేడా ప్రధానంగా డీజిల్ ఎంత పంపుతున్నారన్న దగ్గరే ఉంది. అంటే ఇంజన్‌లో బలం ముందే ఉంది, పంపు దగ్గర కట్టేసి ఉంచారు.

నాది 215 మాన్యువల్. డాలస్‌కి ఉత్తరాన ఉంటాం. ఓక్లహోమాలో పాల్స్ వ్యాలీ వైపు కొంచెం పొలం ఉంది. వారాంతాల్లో ట్రైలర్ మీద చిన్న ట్రాక్టరో, గడ్డి బేళ్లో వేసుకుని వెళ్తుంటాను. దారిలో ఐ-35 హైవే మీద ఆర్డ్‌మోర్ దాటాక ఆర్బకిల్ కొండల ఎక్కుడు వస్తుంది. ఈ బండి బలమెంతో తేలేది అక్కడే. కొన్న మొదటి ఏడాది బాగానే ఎక్కింది. తర్వాత మెల్లగా నీరసపడింది. కింద ఆర్‌పీఎమ్‌లో లాగుతుంది కానీ 2000 దాటితే ఊపిరి అందనట్టు ఆగిపోయేది. నల్ల పొగ కూడా లేదు. అంటే కాల్చడానికి డీజిలే చాలడం లేదన్నమాట.

దగ్గర్లో ఒక డీజిల్ షాపుకి తీసుకెళ్తే టెస్ట్ డ్రైవ్ చేసి, పంపు అరిగిపోయింది, విప్పి రీబిల్డ్ చేయాలన్నారు. వాళ్లు చెప్పిన అంచనా వెయ్యి డాలర్లు ఎప్పుడో దాటింది. ఏ మీటరూ పెట్టి చూడలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. ఆ రాత్రి నాన్నతో ఫోన్లో ఈ మాట చెప్పాను. ఆయన చాలా ఏళ్లు లారీలు తిప్పారు, విజయవాడ ఆటోనగర్లో పంపు మేస్త్రీల దగ్గర కూర్చుని పని చూసిన మనిషి. "ఒరేయ్, పంపు విప్పడం తర్వాత. ముందు పంపుకి డీజిల్ సరిగ్గా అందుతోందో లేదో చూశారా?" అన్నారు.

అక్కడి నుంచి అసలు విషయం బయటపడింది. ఫిల్టరు దాటాక పంపులోకి వెళ్లే లైనులో బాంజో బోల్టు (మధ్యలోంచి డీజిల్ పారే బోలు బోల్టు) దగ్గర ప్రెషర్ గేజ్ పెట్టాను. ఆరోగ్యంగా ఉన్న బండిలో 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 25 నుంచి 30 పీఎస్ఐ ఉండాలి. నాకు అందులో సగం కూడా రాలేదు. లోపం రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటి, ట్యాంకు నుంచి డీజిల్ లాగి పి7100కి అందించే, ఇంజన్ క్యామ్‌షాఫ్ట్‌తో నడిచే లిఫ్ట్ పంపు. రెండోది, పి7100 నుంచి మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి వదిలే ఓవర్‌ఫ్లో వాల్వ్. వీటిలో దోషి ఎవరో తేల్చే పరీక్షకి ఖర్చేమీ లేదు: ఐడిల్‌లో ఉండగా రిటర్న్ రబ్బరు గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కిపట్టడం. ప్రెషర్ గబుక్కున పెరిగితే లిఫ్ట్ పంపు బాగున్నట్టే, తప్పు వాల్వ్‌దే. ఎక్కువసేపు మాత్రం పట్టుకోకూడదు. నా గేజ్‌లో ముల్లు ఒక్కసారిగా లేచింది.

ఓవర్‌ఫ్లో వాల్వ్ అంటే బొటనవేలంత బోల్టు. లోపల ఒక స్ప్రింగు, దానికి ఆనుకుని ఒక బాల్. పంపు లోపల డీజిల్ నిండే గదిలో తగినంత ప్రెషర్ వచ్చేదాకా అది మూసుకుని ఉండాలి. ఇన్నేళ్లకు స్ప్రింగు మెత్తబడితే డీజిల్ ముందే ట్యాంకుకి తిరిగి వెళ్లిపోతుంది. కింద ఆర్‌పీఎమ్‌లో ప్లంజర్లు (డీజిల్‌ని ఇంజెక్టర్లకు నెట్టే చిన్న పిస్టన్లు) నిండడానికి సమయం ఉంటుంది కాబట్టి తేడా తెలియదు. వేగం పెరిగేకొద్దీ ప్లంజర్లు సగం నిండి సగం నిండక తిరుగుతాయి. నా బండి జబ్బు అచ్చం ఇదే. కొత్త వాల్వ్ వంద డాలర్ల చుట్టూ అయింది, బిగించడానికి ఒక పానా చాలు. పనిలో పనిగా లిఫ్ట్ పంపు ముందుండే జాలీ ఫిల్టరు విప్పితే అందులో నల్లటి జిగురు. ఆ ఫిల్టరు ఒకటి ఉందనే చాలామందికి తెలియదు. గేర్‌బాక్స్ ఇంజన్‌కి కలిసే చోట ఇనుప లైన్ల మధ్య పగిలిపోయి గాలి పీలుస్తున్న రబ్బరు ముక్కలూ మార్చాను.

ఆ వారమే ఆర్బకిల్ ఎక్కాను. అదే ట్రైలర్, అదే ట్రాక్టర్. నాలుగో గేరులో మూలుగుతూ ఎక్కిన చోట ఐదో గేరులోనే వెళ్లిపోయింది. ఆ సంతోషం ఇంతా అంతా కాదు. నేను పెంచినదేమీ లేదు, పోయిన బలం తిరిగొచ్చిందంతే. పాత ట్రక్కుకి హార్స్‌పవర్ పెంచాలనుకునే ప్రతి ఒక్కరికీ నేను గట్టిగా చెప్పేది, ముందు గేజ్ కొనండి. ప్రెషర్ లేని పంపు మీద ఎన్ని మార్పులు చేసినా డబ్బు దండగ.

నిజంగా పెంచింది ఆ తర్వాతే. పంపు పైన వెనక వైపు ఉండే ఏఎఫ్‌సీ డబ్బా (టర్బో గాలి ప్రెషర్‌ని బట్టి డీజిల్ పెంచే భాగం) తీస్తే ముందు చెప్పిన ఆ ఇనుప ప్లేటు కనిపిస్తుంది. రెండు బోల్టులు వదులు చేసి ప్లేటుని ముందుకి జరిపితే ర్యాక్ ఇంకొంచెం దూరం వెళ్తుంది, ఎక్కువ డీజిల్ పడుతుంది. ఖర్చు సున్నా. ఏఎఫ్‌సీ డబ్బాకి ఎవరూ విప్పకుండా కంపెనీ పెట్టిన తల విరిగే బోల్టు ఒకటి ఉంటుంది, దాన్ని తీయడానికే కాస్త ఓపిక కావాలి. డబ్బాలోని స్టార్ వీల్ తిప్పితే టర్బో గాలి పెరిగేకొద్దీ డీజిల్ ఎంత త్వరగా పెరగాలో మార్చుకోవచ్చు. స్క్రూడ్రైవర్‌తో రెండు పళ్లు తిప్పి, రోడ్డు మీద ఒక చుట్టు వేసి, నచ్చకపోతే వెనక్కి తిప్పేయొచ్చు. నాకు ఈ పంపు మీద ప్రేమ ఇక్కడే పుట్టింది.

అయితే ప్లేటుని పూర్తిగా ముందుకి జరిపిన రోజుల్లో ఖాళీ బండి రెక్కలొచ్చినట్టు పరిగెత్తినా, ట్రైలర్‌తో మాత్రం పైరోమీటర్ (ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు) భయపెట్టింది. టర్బో ముందు కొలిచే ఎగ్జాస్ట్ వేడి 1250 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఎక్కువసేపు ఉంటే అల్యూమినియం పిస్టన్లకు ప్రమాదం. ఆగస్టు ఎండలో ఎక్కుడు సగంలోనే అక్కడికి చేరింది. దానికితోడు నల్ల పొగ. వెనక కార్లో పసిపిల్లలు ఉండొచ్చు, అది నాకు అస్సలు ఇష్టం లేదు. న్యూజెర్సీ, కొలరాడో లాంటి రాష్ట్రాలు కావాలని పొగ వదలడాన్ని చట్టంతోనే నిషేధించాయి. మిగతా చోట్ల కూడా సెట్టింగులు మార్చే ముందు నిబంధనలు చూసుకోవాలి. ప్లేటుని సగం వెనక్కి తెచ్చాను. ఖర్చు లేని హార్స్‌పవర్‌లో బరువు లాగేవాళ్లకు దక్కేది కొంతే. పైరోమీటర్, టర్బో గాలి ప్రెషర్ చూపే బూస్ట్ గేజ్ లేకుండా ప్లేటు ముట్టుకోవద్దు.

3000 ఆర్‌పీఎమ్ గవర్నర్ స్ప్రింగులు కూడా వేశాను. కంపెనీ స్ప్రింగులతో 2500 దగ్గర పంపు డీజిల్ తగ్గించేస్తుంది, అది పోయింది. హైవే ఎక్కేటప్పుడు గేరు మార్చకుండా లాగడం హాయిగా ఉంటుంది. బరువుతో వెళ్లేటప్పుడు నేను 2200 దాటను కాబట్టి ట్రైలర్ పనికి వాటి అవసరం పెద్దగా లేదు.

సున్నా ఖర్చు అన్న మాటకు ఇంకో కొస ఉంది. ప్లేటు జరిపిన కొన్ని నెలలకే ఐదో గేరులో క్లచ్ జారడం మొదలైంది. పాత క్లచ్ అంత టార్క్ మోయలేదు. కొత్తది, బలమైనది వేయడానికి అయిన ఖర్చు అప్పటిదాకా పెట్టిన మొత్తం కంటే ఎక్కువ. గేర్‌బాక్స్ దింపిన పుణ్యాన ఎన్‌వీ4500 అనే ఈ మాన్యువల్ గేర్‌బాక్స్‌లో వదులవుతుందని పేరున్న ఐదో గేరు నట్ కూడా చూపించుకున్నాను, బిగువుగానే ఉంది. ఆటోమేటిక్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. వాళ్ల 47ఆర్‌ఈ గేర్‌బాక్స్ పెరిగిన టార్క్‌ని తట్టుకోలేదని పేరు. అక్కడ పంపు పని కంటే ముందు ఆ గేర్‌బాక్స్ భాగాలైన టార్క్ కన్వర్టర్, వాల్వ్ బాడీ గురించి ఆలోచించాలి.

ఇంకొకటి. ఈ ఇంజన్ల ముందు గేర్ కేసులో ఉండే డవల్ పిన్ అనే చిన్న ఇనుప మేకు కదిలి టైమింగ్ గేర్లలో పడితే ఇంజన్ నాశనమే. దాన్ని ఆపే చిన్న ఇనుప రేకు కిట్ చవక, శ్రమే ఎక్కువ: ఫ్యాను, క్రాంక్ డ్యాంపర్, ముందు కవరు అన్నీ తీయాలి. బలం పెంచాలనే ఆలోచన రాకముందే ఆ పని చేయించాను.

ఈ బండి కొనమంటానా అంటే, మీ పరిస్థితిని బట్టి చెప్పాలి. నాకు గరాజ్ ఉంది, పానా పట్టడం ఇష్టం, రోజూ ఆఫీసుకి వేరే కారు ఉంది, నాన్న ఫోన్లో దొరుకుతారు. మాన్యువల్ దొరికింది. ఇవన్నీ ఉన్నవాళ్లకు సంతోషంగా కొనమంటాను. ఒకే బండి మీద ఇల్లు నడవాల్సినవాళ్లకు, షాపు మీదే ఆధారపడేవాళ్లకు మాత్రం ఇదే మాట చెప్పలేను. ఎక్కువ డీజిల్ చిమ్మే కమ్మిన్స్ మెరైన్ 370 (పడవ ఇంజన్) ఇంజెక్టర్లు వేయమని స్నేహితులు అంటున్నారు. ఇప్పుడున్న సెట్టింగ్‌తో ట్రాక్టర్ కొండ ఎక్కుతోంది, పైరోమీటర్ 1150 దగ్గర ఆగుతోంది. పెద్ద ట్రైలర్ కొనేదాకా వాటి జోలికి వెళ్లను.