లారీకి థర్డ్ పార్టీ చాలా, ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాలా: ఏది మేలు?

రెన్యువల్ దగ్గర పడితే చాలు, తోటి ఓనర్ల నుంచి అదే ఫోను: "అన్నా, థర్డ్ పార్టీ కట్టి వదిలేయనా, ఫుల్ కట్టనా?" ఈ మధ్యే నా రెండు బండ్లకూ కట్టాను కాబట్టి నా లెక్క చెబుతా.

చట్టం అడిగేది థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టేది. అది లేకుండా దొరికితే మొదటిసారి 2,000, మళ్ళీ దొరికితే 4,000 జరిమానా, 3 నెలల దాకా జైలు కూడా. కానీ అసలు భయం అది కాదు. మన బండి కింద పడి మనిషి పోతే ట్రిబ్యునల్ ఎంత పరిహారం వేస్తుందో చెప్పలేం, పాలసీ లేకపోతే పొలం అమ్మి కట్టుకోవాల్సింది ఓనరే. పాలసీ ఉంటే చావులూ గాయాలకు ఎంతైనా కంపెనీది, ఎదుటివాళ్ళ ఆస్తి నష్టానికి మాత్రం 7.5 లక్షల వరకే. పది టైర్ల బండి 20 నుంచి 40 టన్నుల స్లాబులోకి వస్తుంది, 2022 జూన్‌లో పెట్టిన రేటు 43,950, జీఎస్టీ వేరు. ఏ కంపెనీకి వెళ్ళినా ఇదే, బేరం లేదు.

ఫుల్ కట్టినా ఈ 44 వేలు తప్పవు. తేల్చుకోవాల్సింది దాని పైన మన సొంత బండి డ్యామేజీకి కట్టే డబ్బు గురించే.

బండి వయసు చూడమంటారు అందరూ. నేనైతే వయసు కాదు, జేబు చూస్తా. రేపు క్యాబిన్ నుజ్జయితే అప్పు చేయకుండా మళ్ళీ రోడ్డెక్కించగలనా? పాత బండికి కిస్తీలు తీరిపోయాయి, ఆటోనగర్‌లో పాత క్యాబిన్ దొరుకుతుంది, దానికి థర్డ్ పార్టీతో సరిపెట్టా. రెండో దానికి ఇంకా 28 కిస్తీలున్నాయి, ఫైనాన్స్ వాళ్ళు అడగకపోయినా ఫుల్లే కట్టేవాణ్ణి.

అయితే ఫుల్ అన్న మాట చూసి మోసపోవద్దు. రెండేళ్ళ కిందట కోదాడ దాటాక మా డ్రైవర్ ఆగి ఉన్న టిప్పర్‌ను వెనక నుంచి గుద్దాడు. సర్వేయర్ వచ్చి ఎస్టిమేట్ మీద పెన్నుతో బంపర్ కొట్టేశాడు, హెడ్‌లైట్లు కొట్టేశాడు, మడ్‌గార్డు, పెయింటింగ్ కూడా. ఐఎంటీ 23, అంటే ఇలాంటి పార్టులకు కవర్ ఇచ్చే అదనపు క్లాజు, తీసుకోలేదట. లారీకి ముందు తగిలేవి అవే కదా! ఏజెంటు ప్రీమియం తక్కువ చూపించడానికి దాన్ని తీసేశాడు, నేనూ అడగలేదు. అది ఉన్నా వాటికి సగమే వస్తుంది, అయినా ఇప్పుడు అది లేకుండా కట్టను. డ్రైవర్, క్లీనర్లకు తలకు 50 రూపాయల ప్రీమియంతో వచ్చే కవర్ కూడా పాలసీలో పడిందో లేదో చూసుకోండి, అది వదిలేసేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద కోత లేకుండా క్లెయిమ్ ఇచ్చే కవర్) కొత్త బండికైతే ఆలోచించొచ్చు. సరుకు ఇన్సూరెన్స్ వేరే సంగతి, ఈ రెండిట్లో ఏదీ లోడుకు పనికిరాదు.

ఏది కట్టినా లైసెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్ సరిగా లేకపోతే కంపెనీ బాధితులకు కట్టి, ఆ డబ్బు మన దగ్గర వసూలు చేసుకోవడానికి వస్తుంది. దారిలో చెయ్యెత్తినవాళ్ళను ఎక్కించుకుంటే వాళ్ళకు కవరే లేదు. ఇది చెబితే మా డ్రైవర్ "నేను ఛార్జీ తీసుకోవట్లేదు కదన్నా" అన్నాడు. తీసుకున్నా, తీసుకోకపోయినా ఒకటేరా బాబూ.