రాయికీ దూదికీ తేడా నాలుగు రూపాయలు

నా దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకదాని మీద 1542 రూపాయలు, రెండోదాని మీద 1546 రూపాయలు. మొదటిది 29 కిలోల రాతి రోలుకు, రెండోది 11 కిలోల దూది పరుపుకు. ఒకే కొరియరు సంస్థ, ఒకే రోజు, కర్నూలు నుంచి ఒకే చిరునామాకు చెప్పిన ధరలివి. ఆదోని పత్తి మార్కెట్లో ఒక కమిషన్ మండీలో ముప్పై ఒక్క ఏళ్లు కాటా గుమస్తాగా పనిచేశాను. పదకొండు కిలోల సరుకుకు ఇరవై తొమ్మిది కిలోల సరుకు కంటే ఎక్కువ కిరాయి పడటం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. సంగతేమిటో తేలేదాకా మనసు ఊరుకోలేదు. ఐదు రోజులు తిరిగి, నాలుగు చోట్ల అడిగి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. బరువైన సామాను పంపాల్సినవారికి పనికొస్తుంది.

మా అమ్మాయి, అల్లుడు బెంగళూరు శివార్లలో, హోస్కోటె దాటిన ఒక పల్లెలో ఇల్లు తీసుకున్నారు. మా అమ్మ వాడిన రోలు కావాలని అమ్మాయి చాలాకాలంగా అడుగుతోంది. చిన్న రుబ్బురోలు, పొత్రం కలిపి 24 కిలోలు. వడ్రంగి చేత చెక్క పెట్టె చేయించి, చుట్టూ గడ్డి కూరితే 29 అయింది. దాంతోపాటు ఆదోని దూది ఏకించి ఒక పరుపు కుట్టించాను. దాన్ని చుట్టి గోనెపట్టాలో పెడితే 11 కిలోలు. రెండూ ఇంట్లోనే తూచి, కాటా మీద అంకె కనిపించేలా ఫోనులో ఫొటో తీసుకున్నాను. ఈ ఫొటోల ప్రయోజనం తరవాత చెబుతాను.

మొదటి సంస్థ దేశమంతా శాఖలున్నది. బోర్డు మీద రోడ్డు మార్గం ధర కిలోకు 16 రూపాయలని ఉంది. పరుపుకు పదకొండు పదహార్లు 176, పైన ఏవో ఖర్చులు, పన్ను కలిపినా మూడు వందలు దాటదనుకున్నాను. కౌంటరులోని అబ్బాయి పరుపును కాటా మీద పెట్టలేదు, టేపు తీశాడు. పొడవు 90 సెంటీమీటర్లు, వెడల్పు 45, ఎత్తు 45. మూడూ గుణించి 5000తో భాగిస్తే 36.45. పైకి సవరించి 37. "సార్, ఇది 37 కిలోల కింద లెక్క" అన్నాడు.

దీన్ని వాళ్లు వాల్యూమెట్రిక్ బరువు అంటారు. అసలు బరువు, ఆక్రమించే చోటును బట్టి లెక్కించిన బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. ఇందులో అన్యాయం లేదని నేను ఒప్పుకుంటాను. బండిలో చోటు కూడా అమ్ముడుపోయే సరుకే. పత్తి వ్యాపారం చూసినవారికి ఈ విషయం ఇంకొకరు చెప్పనక్కర్లేదు. విడి దూదిని లారీకెత్తితే బండి నిండుతుంది గానీ బరువు రాదు. అందుకే ప్రెస్సింగు మిల్లులో దాన్ని అదిమి 170 కిలోల బేళ్లు కడతారు. నేను గమనించాల్సింది ఆ భాగించే సంఖ్యను. విమాన సరుకు లెక్కలో అది మామూలుగా 6000. కొరియర్లు ఎక్కువగా 5000 వాడతాయి, కొన్ని ఇంకా తగ్గిస్తాయి. ఆ సంఖ్య తగ్గిన కొద్దీ మన మూట కాగితం మీద బరువెక్కుతుంది. కిలో ధర అడిగే ముందు ఈ సంఖ్య అడగాలి. నేను వెళ్లిన ఏ కౌంటరులోనూ దాన్ని గోడమీద రాయలేదు.

37 కిలోలకు కిరాయి 592. దాని మీద ఇంధన సర్‌చార్జీ 20 శాతం, అంటే 118 రూపాయల 40 పైసలు. డాకెట్ చార్జీ, అంటే రశీదు రాసినందుకు, 100. పల్లెలో ఇంటికి చేర్చినందుకు 500. మొత్తం మీద జీఎస్‌టీ 18 శాతం. అలా 1546 అయింది. రోలు చిన్న పెట్టెలో ఉంది కాబట్టి టేపు లెక్కలో 11.2 కిలోలే. అసలు బరువు 29కే కిరాయి, 464. కానీ ఒక్క పెట్టె 25 కిలోలు దాటితే ఎత్తి దించేందుకు మరో 150 అన్నారు. మిగతావన్నీ మామూలే. 1542.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కిరాయి కంటే పైఖర్చులే ఎక్కువ. ఆ 500 రూపాయల్ని ఓడీఏ అంటారు, డెలివరీ పరిధికి వెలుపలి ఊరని అర్థం. పిన్‌కోడ్ కొట్టగానే కంప్యూటరు చెప్పేస్తుంది. మన జిల్లా పల్లెలవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. పంపేది కర్నూలు నడిబొడ్డు నుంచే అయినా, చేరేది హొళగుందనో హాలహర్వినో అయితే ఈ ప్రశ్న ముందే అడగండి. దానిమీద కూడా పన్ను పడుతుంది కాబట్టి ఆ 500 నిజానికి 590.

రెండో సంస్థకు కిలో ధర 11 రూపాయలేనని విని వెళ్లాను. అక్కడ పరుపు ఒక్కదానికే 1898 రూపాయలు చెప్పారు! 16 రూపాయల చోట 1546, 11 రూపాయల చోట 1898. అక్కడ భాగించే సంఖ్య 4500, అందువల్ల పరుపు 41 కిలోలైంది. ఇంధన సర్‌చార్జీ 35 శాతం. రశీదుకు 150, పల్లెకు 750, రిస్కు కింద 100, ఆపైన పన్ను. నేను బయటికి వచ్చింది మాత్రం ధర విని కాదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర కోసం వెతికాను. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. అక్కడ ముద్ర కనపడలేదు. పత్రం చూపించమంటే "అది పై ఆఫీసులో ఉంటుంది" అన్నారు. తూకం మీదే బిల్లు వేసేవారి కాటాకు ముద్ర లేకపోతే, ఆ బిల్లును నేనెలా నమ్మాలి? మార్కెట్లో రైతు బస్తాకు తరుగు తీసేటప్పుడు ఎన్నిసార్లు గొడవపడ్డామో నాకు తెలుసు. అక్కడ రైతు బరువులోంచి తీసేవారు. ఇక్కడ మన బరువుకు కలుపుతున్నారు. నష్టపోయేది మాత్రం రెండు చోట్లా కాటా అవతల నిలబడ్డవాడే.

మూడోది లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. రెండు మూటలకూ కలిపి 420, ఇటు హమాలీ 60, అటు హమాలీ అక్కడే ఇచ్చుకోవాలి. ఇంత చవక ఇంకెక్కడా లేదు. గోడౌనులో వేస్తే అటు గోడౌనులో తీసుకోవడమే, ఇంటికి రాదు. ఎన్నాళ్లకు చేరుతుందంటే "లోడు నిండితే" అన్నారు. అదీ సర్దుకోవచ్చు. కానీ బిల్టీ, అంటే లారీ రశీదు, మీద సరుకు విలువ రాయమంటే గుమస్తా రాయనన్నాడు. రాయి విరిగితే తమకు సంబంధం లేదన్నాడు. మా అమ్మ చేతి రోలును ఆ మాట మీద వదిలి రాలేకపోయాను.

ఈ విలువ రాయించే విషయం చాలామంది వదిలేస్తారు. రోడ్డు రవాణా మీద 2007లో వచ్చిన చట్టం, 2011లో వచ్చిన నియమాల ప్రకారం, విలువ ప్రకటించకపోతే సరుకు పోయినా పాడైనా రవాణాదారు బాధ్యత చెల్లించిన కిరాయికి పది రెట్లకు మించదు. నాలుగు వందల కిరాయి చెల్లిస్తే నాలుగు వేల దాకానే అడగగలం. పట్టుచీరలో, కుట్టుమిషనో, టీవీనో పంపేవారు విలువ రాయించి, దానికయ్యే రుసుము కట్టడమే మంచిది. రోలుకు ఎంత విలువ రాయాలో నాకు తోచలేదు. కొత్తది కొంటే ఎంతవుతుందో అంత, మూడు వేలు, చివరికి పంపిన చోట రాయించాను.

బస్టాండులోని ఆర్టీసీ పార్సిలు కౌంటరుకూ వెళ్లాను. అనంతపురంలో ఉన్న మా చెల్లెలికి ఎన్నోసార్లు బియ్యం, మామిడిపళ్లు అలా పంపినవాణ్ని, ఏ రోజూ ఇబ్బంది పడలేదు. ఈసారి మాత్రం పిల్లలు బెంగళూరులో బస్సు ఆగే చోటికి వచ్చి, 29 కిలోల పెట్టె మోసుకుని మళ్లీ హోస్కోటె దాకా పోవాలి. ఆటో ఖర్చు కలిపితే లాభం లేదనిపించింది. తపాలా శాఖ స్పీడు పోస్టులో ఒక్క పార్సిలు 35 కిలోల దాకా తీసుకుంటారు. దేశంలో 1.6 లక్షలకు పైగా పోస్టాఫీసులున్నాయి. మూల పల్లెకు పది, పన్నెండు కిలోల చిన్న పెట్టె పంపాలంటే నేను ముందు అక్కడే అడుగుతాను.

చివరికి మొదటి సంస్థకే తిరిగి వెళ్లాను, కానీ వెళ్లే ముందు మూడు పనులు చేశాను.

మొదటిది పరుపు అదిమించడం. పక్కింటి కుర్రాళ్లిద్దరు పరుపు మీద పలక వేసి కూర్చుంటే నేను తాడు బిగించి ఐదు చోట్ల కట్టాను. గోనెపట్టా మీద దబ్బనంతో కుట్టు వేశాను. వెడల్పు, ఎత్తు రెండూ 45 సెంటీమీటర్ల నుంచి 36కు తగ్గాయి. 36.45 కిలోలుగా లెక్కించిన పరుపు 23.3కు దిగింది. ఒక్క గ్రాము తీయలేదు, తగ్గించింది గాలినే.

రెండోది నా తిరుగుడంతటిలో దొరికిన అసలు విషయం. రెండు మూటలూ ఒకే డాకెట్ కింద రాయించాలి. విడివిడిగా రాస్తే పరుపుకు చోటు లెక్క, రోలుకు అసలు బరువు, రెండు చోట్లా ఎక్కువదే పడుతుంది. ఒకే రశీదు మీద రాస్తే ఈ సంస్థలో మొత్తం అసలు బరువును మొత్తం చోటు లెక్కతో పోలుస్తారు. అసలు బరువు 29, 11 కలిపి 40. చోటు లెక్క 11.2, 23.3 కలిపి 34.5. కాబట్టి 40 కిలోలకే కిరాయి. రాయి చిన్న చోటులో ఇమిడి దూదికి చోటిచ్చింది, దూది తేలికై రాయి బరువును సర్దింది. పై ఖర్చులు కూడా ఒక్కసారే. ఇలా కలిపి లెక్కించే పద్ధతి అన్ని సంస్థల్లో లేదు. ఆ రెండో చోట ఒకే రశీదైనా ఏ మూటకామూటే లెక్కగడతామన్నారు. ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే. కౌంటరు అబ్బాయి తనంతట తాను ఇది చెప్పలేదు. నేనడిగాక మాత్రం ఓపికగా లెక్క వేసి చూపించాడు, అతని మంచితనాన్ని చెప్పకుండా ఉండలేను.

మూడోది, ఇంటికి వద్దని హోస్కోటెలోని వాళ్ల శాఖలోనే తీసుకుంటామని రాయించడం. అల్లుడు రోజూ ఆ దారినే డ్యూటీకి వెళ్తాడు. 590 రూపాయలు అక్కడ మిగిలాయి.

కిరాయి 640, ఇంధనం 128, రశీదు 100, బరువు పెట్టెకు 150, విలువ రాయించినందుకు రిస్కు కింద 100, పన్ను 201. మొత్తం 1319 రూపాయలు. మొదటి రోజు ఈ రెండింటికీ కలిపి చెప్పిన ధర 3088.

నాలుగో రోజు ఫోనుకు సందేశం వచ్చింది. దారిలో తిరిగి కొలిచామని, మొత్తం 46 కిలోలు తేలిందని, తేడా 136 రూపాయలు కట్టాలని. తాడు సడలి దూది మళ్లీ ఉబ్బిందని అర్థమైంది. వెంటనే నా ఫొటోలు పంపాను. కాటా మీద అంకె, టేపు మీద అంకె, బుకింగ్ రోజు కౌంటరులో కొలిచి రాసిన రశీదు, అన్నీ. మీ మనిషే కొలిచి సంతకం పెట్టాక దారిలో ఉబ్బిన కొలతకు నేను బాధ్యుణ్ని కానని రాశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఆ తేడా రద్దు చేశామన్నారు. ఫొటోలు లేకపోతే నా మాటకు ఆధారం ఉండేది కాదు. దూది పంపేవారు జనపతాడు కాకుండా పెట్టెలకు బిగించే ప్లాస్టిక్ పట్టీ వాడితే మంచిది. పట్టీ సడలదు.

రోలు పెట్టె ఒక మూల చెక్క చీలింది. గడ్డి వల్ల రాతికి దెబ్బ తగల్లేదు. పరుపు పట్టా ఒకచోట చిరిగింది, అంతే. చేరడానికి ఆరు రోజులు పట్టింది. నాలుగు రోజుల్లో చేరుతుందన్నారు కాబట్టి ఆ విషయంలో మాట తప్పినట్టే. బిల్లు మాత్రం రాసినదానికి పైసా మారలేదు. ఐదుకు మూడున్నర ఇస్తాను. భాగించే సంఖ్య, పల్లె చార్జీల పట్టిక గోడమీద పెడితే నాలుగు ఇచ్చేవాణ్ని.

వచ్చే నెల అమ్మాయికి కర్నూలు సోనా బియ్యం బస్తాలు రెండు పంపాలి, ఒక్కొక్కటి 26 కిలోలు. బియ్యానికి చోటు లెక్క భయం లేదు, విరిగే సరుకూ కాదు. ఈసారి లారీ ఆఫీసుకే వెళ్తాను. హోస్కోటె దగ్గర వాళ్లకు గోడౌను ఉందేమో అడగమని అల్లుడికి చెప్పాను.